విశ్రాంతిలో తప్పిపోయిన గంట

ఫరీదాబాద్‌లో మా సెక్టారులో గడియారాలన్నీ ఏడాది పొడవునా ఒకేలా తిరుగుతాయి, మా రెండిళ్లలో తప్ప. మార్చి నెల ఆఖరి ఆదివారం నాడు ఇంగ్లండువాళ్లు తమ గడియారాలను గంట ముందుకు జరుపుకుంటారు. జరుపుకునేది వాళ్లు, పరుగులు పెట్టేది మేము. అప్పటిదాకా మధ్యాహ్నం పన్నెండుంబావుకు వచ్చే ఆఫీసు క్యాబు ఆ సోమవారం నుంచి పదకొండుంబావుకే వచ్చి హారన్ కొడుతుంది. అప్పటికి నా కుక్కరు ఇంకా కూత కూడా వేసి ఉండదు. తిట్టుకుంటూ మెట్లు దిగేసరికి కింద పోర్షన్లో ఉండే ఆనందకుమారి అక్క బ్యాగు భుజాన వేసుకుని, బొట్టులేని నుదురు మీద ఒక్క చెమట చుక్క కూడా లేకుండా గేటు దగ్గర నిలబడి ఉంటుంది. క్యాబు నడిపే జశ్వంత్ అయిదు నిమిషాలకు మించి ఆగడు. నా కోసం ఆగి ఆగి నా మీద ఆశ వదులుకున్నాడు గానీ, అక్క కోసం ఆగాల్సిన అవసరం ఒక్కనాడూ రాలేదు.

మా ఆఫీసు గురుగ్రామ్‌లో. ఇంగ్లండులోని లారీ కంపెనీల లెక్కాపత్రాలన్నీ అక్కడ చూస్తాం. నేను డ్రైవర్ల జీతాలు చూస్తాను, అక్క వాళ్ల విశ్రాంతి చూస్తుంది. ఎవరి పని ముఖ్యమో మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు. నాది జగిత్యాల, ఆమెది విజయవాడ. కాబట్టి ఇంకా చాలా విషయాలు తేల్చుకోలేదు.

అక్కడి లారీల్లో స్టీరింగు దగ్గర టాకోగ్రాఫ్ అనే యంత్రం ఉంటుంది. డ్రైవరు పొద్దున్నే తన కార్డు అందులో పెడితే, బండి ఎప్పుడు కదిలింది, ఎప్పుడు ఆగింది, ఆ మనిషికి ఎంతసేపు విశ్రాంతి దొరికింది, అన్నీ అదే రాసుకుంటుంది. ఒకరోజు పనికీ మర్నాటి పనికీ మధ్య పదకొండు గంటల విశ్రాంతి ఉండాలని అక్కడి చట్టం. అంతకు కాస్త తగ్గించుకోవడానికి వారంలో మూడుసార్లు వీలుంది. నాలుగోసారి తగ్గిందంటే తప్పు కిందే లెక్క. ఆ రికార్డులన్నీ కంప్యూటర్లో మా ఆఫీసుకు వస్తాయి. తప్పు పట్టి, రిపోర్టు రాసి, కింద పేరు పెట్టి పంపేది ఆనందకుమారి.

ఆఫీసులో ఆమెను నిద్ర ఇన్‌స్పెక్టర్ అంటారు. ఆ మాటలో కొంత ఎగతాళి ఉన్నా, అబద్ధం మాత్రం లేదు. పొద్దున పాలు పోసేవాణ్ణి కూడా “భయ్యా, రాత్రి ఎప్పుడు పడుకున్నావ్” అని అడిగే మనిషి. భర్త సైమన్ గారు హాస్పిటల్లో నర్సు. ఆయన నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజున ఆ ఇంట్లో మిక్సీ తిరగదు, ఫోన్లు మోగవు, కూతురు అక్సా మునివేళ్ల మీద నడవాలి. పై పోర్షన్లో నేను కుర్చీ జరిపినా కింద నుంచి మెసేజీ వస్తుంది. కోపం వస్తుంది కానీ ఏం చేస్తాను, మెల్లగా కూర్చుంటాను.

ఈ పట్టుదల వెనక సంగతి ఆమె నాకు ఒకసారి క్యాబులో చెప్పింది. ఆమె తండ్రి బాబురావు గారు ఇప్పుడు వీళ్లతోనే ఉంటున్నారు. ఒకప్పుడు విజయవాడ నుంచి కలకత్తాకు లారీ తోలేవారు. అక్క పదో తరగతిలో ఉండగా ఇచ్ఛాపురం దాటాక లారీ బోల్తా పడి క్లీనరు కాలు విరిగింది. డ్రైవరు నిద్రపోయాడని లారీ ఓనరు ఆటోనగర్ అంతా చెప్పాడు. కట్టుతో ఆయన ఇల్లు చేరేసరికే ఆ మాట ముందే చేరిపోయి ఉంది. ఆ తర్వాత ఎవరూ ఆయనకు స్టీరింగు ఇవ్వలేదు. పంక్చర్లు వేసుకుంటూ కూతురిని బీకాం దాకా చదివించారు.

“మా నాన్న బండి మీద నిద్రపోయాడు వీణా. పడుకుని లేచి వెళ్లమని ఒక్కళ్లన్నా చెప్పుంటే మా ఇల్లు అలా అయ్యేది కాదు. అందుకే నేనెవర్నీ వదలను” అంది ఆ రోజు.

ఈ ఏప్రిల్లో డెరెక్ అనే పాల ట్యాంకర్ డ్రైవరును కూడా వదల్లేదు. ముప్ఫై ఏళ్లుగా ఒక డెయిరీకి పాలు మోస్తున్న మనిషి. గడియారం జరిగిన తర్వాత వరసగా మూడు వారాలు అతని విశ్రాంతి తగ్గినట్టు రికార్డులో వచ్చింది. రోజూ పదకొండు ఉండాల్సిన చోట పది. సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యలో నాలుగు రాత్రులు, నాలుగో రాత్రి తప్పు. ప్రతి వారమూ అక్క రిపోర్టు పంపింది. మూడో దానికి అక్కడి మేనేజరు నుంచి జవాబు వచ్చింది. వచ్చే గురువారం డెరెక్‌ను పిలిపిస్తారు, ఆ రోజుతో అతన్ని బండి మీద నుంచి దించేస్తారు. నిద్రపోని డ్రైవరును రోడ్డు మీదికి పంపలేమని రాశారు.

అక్క టీమ్‌లీడరు చాందిని ఆ మెయిలు చదివి వినిపించి, మంచి పని చేశావని మెచ్చుకుంది. అక్క థాంక్యూ చెప్పింది. తిరుగు ప్రయాణంలో క్యాబెక్కినప్పటి నుంచి కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

“ఏమైందక్కా, మెచ్చుకున్నా మొఖం గట్ల పెట్టినవ్?” అన్నాను.

“ఇంకా రెండేళ్లే ఉందంట వీణా ఆయనకి రిటైర్మెంటుకి. ఇక ఎవరిస్తారు బండి?”

“నువ్వేం చేస్తవ్? రికార్డుల ఉన్నదే రాసినవ్.”

“ఉన్నదే రాశాను” అంది. అంతే, మళ్లీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చాక నన్ను టీకి పిలిచారు. బాబురావు గారు బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయనకు కూతురి ఉద్యోగం గురించి వినడం ఇష్టం. “ఈ వారం ఎంతమందిని పట్టుకున్నావమ్మా?” అని అడుగుతారు. నవ్వుతూనే అడుగుతారు గానీ, జవాబు విన్నాక ఆ నవ్వు కాస్త తగ్గుతుందని నేను చాలాసార్లు గమనించాను. ఆ రోజు అక్క డెరెక్ సంగతి చెప్పింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

“ఆయన్ని అడిగారా?”

“ఏం అడగాలి నాన్నా?”

“నిద్రపోతున్నావా లేదా అని. ఎవరన్నా అడిగారా ఆ మనిషిని?”

“యంత్రం రాస్తది కదా నాన్నా. అడగడమెందుకు?”

“యంత్రం రాస్తే సరేలే” అన్నారాయన. మళ్లీ గ్లాసు అందుకోలేదు. ఆ టీ చల్లారిపోయాక అక్సా తీసుకెళ్లి పారబోసింది.

సోమవారం టీ బ్రేకులో అక్క నా సీటు దగ్గరికి వచ్చింది. మామూలుగా ఆమె తన సీటు వదిలి రాదు.

“వీణా, పాల ట్యాంకరు కడగడానికి ఎంతసేపు పట్టుద్ది?”

“నాకేం ఎర్కక్కా. మా ఇంట్ల సింకు కడిగేసరికే నాకు పొద్దుపోతది.”

ఆమె నవ్వలేదు. పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. “చలికాలం అంతా చూశాను. డెరెక్ అయిదింటికి బండి ఆపుతాడు. గంటసేపు ట్యాంకు కడిగి ఇంటికెళ్తాడు. పొద్దున అయిదింటికి మళ్లీ ఎక్కుతాడు. కొలిచినట్టు పదకొండు గంటలు. మార్చిలో గడియారం జరిపిన సోమవారం నుంచి చూడు, కడగడానికి రెండు గంటలు పడుతోంది. అదే ట్యాంకు, అదే మనిషి. ట్యాంకేమన్నా రాత్రికి రాత్రి పెరిగిందా?”

తర్వాత ఆమె చెప్పింది నాకు రెండోసారికి అర్థమైంది. టాకోగ్రాఫ్ లోపలి గడియారం ఎండాకాలం వచ్చినా చలికాలం వచ్చినా జరగదు. ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయం మీద అది నడుస్తుంది. చలికాలంలో ఇంగ్లండు సమయమూ అదే కాబట్టి ఏ తేడా తెలియదు. వేసవిలో మాత్రం మనిషి చేతి గడియారం కంటే యంత్రం గంట వెనక ఉంటుంది. బండి కదలడం, ఆగడం యంత్రమే రాసుకుంటుంది కాబట్టి అక్కడ పొరపాటు రాదు. కానీ ట్యాంకు కడిగేటప్పుడు కార్డు బయట ఉంటుంది. నిన్న సాయంత్రం ఎప్పటిదాకా కడిగావని మర్నాడు పొద్దున యంత్రం అడుగుతుంది, డ్రైవరు మీటలు నొక్కి చెప్పాలి. డెరెక్ చేతి గడియారంలో చూసుకున్న ఆరే నొక్కుతున్నాడు. యంత్రం లెక్కలో అది అయిదు కావాలి. ఆ ఎక్కువైన గంట కడగడంలో కలిసి, నిద్రలోంచి పోతోంది. నిరుటి దాకా ట్యాంకులు కడగడానికి డెయిరీలో వేరే మనుషులుండేవారట. ఈ చలికాలం నుంచే డ్రైవర్లను కడుక్కోమన్నారు. అందుకే ఇన్నేళ్లలో రాని తప్పు ఈ వేసవిలో వచ్చింది.

మూడోసారి కూడా ఆమె అంతా చెప్పుకొచ్చింది. అది నాకోసం కాదు, తనకోసం.

“ఇంకేంది మరి, రాసి పంపు” అన్నాను.

“నేను అనుకుంటున్నాను, అంతే. నిజంగానే రెండు గంటలు కడుగుతున్నాడేమో. ఆయన్నే అడగాలి.”

మేం డ్రైవర్లతో మాట్లాడకూడదు. అది మా ఆఫీసు పద్ధతి. చాందిని ఆ మాటే చెప్పింది. ఆమె చెడ్డది కాదు, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు మాట్లాడేలాగే మాట్లాడింది. పంపిన రిపోర్టు మనమే తప్పంటే రేపు మిగతా రిపోర్టుల మాటేమిటి, తప్పు చూపించింది సాఫ్ట్‌వేరు కదా, నీకెందుకు దీదీ ఈ తలనొప్పి, అంది.

“కింద పేరు సాఫ్ట్‌వేరుది కాదు, నాది” అంది అక్క హిందీలో. “ఆయన నిద్రపోలేదని మూడుసార్లు నేనే చెప్పాను. నాలుగోసారి అడగనివ్వు.”

చివరికి చాందిని ఒప్పుకుని, డెరెక్‌తో మాట్లాడనివ్వమని మేనేజరుకు మెయిలు పెట్టింది. మంగళవారం గడిచింది, బుధవారమూ గడిచింది. ఇంగ్లండు నుంచి జవాబు లేదు. అక్క అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోయింది. నాకు చాందిని మీద, ఆ మేనేజరు మీద, అసలు ఆ గడియారాన్ని జరిపే దేశం మీదే ఒళ్లు మండింది. ఎండ ఎక్కువ కావాలంటే పెందలాడే లేవొచ్చు కదా, గడియారాన్ని ఎందుకు అటూ ఇటూ తిప్పడం.

గురువారం సాయంత్రం, డెరెక్‌ను పిలిపించిన మీటింగు మొదలయ్యే ముందు చాందిని అక్క దగ్గరికి వచ్చి, పది నిమిషాలు ఇచ్చారు, రా అంది. గాజు గదిలో ఇద్దరూ కూర్చున్నారు. ఆ గది తలుపు సరిగా పడదని మా అందరికీ తెలుసు. నాకు ఉన్నట్టుండి బాగా దాహం వేసి, దాని పక్కనే ఉన్న మంచినీళ్ల దగ్గర నిలబడిపోయాను.

తెర మీద మేనేజరు, పక్కన తెల్ల గడ్డంతో డెరెక్. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అక్క ముందు గంటల గురించి అడుగుతుందనుకున్నాను. అలా అడగలేదు.

“సర్, మీరు రాత్రిళ్లు నిద్రపోతున్నారా?” అంది ఇంగ్లీషులో.

అతను, మూడు ఉత్తరాలు వచ్చాయి గానీ ఈ మాట అడిగింది మీరే మొదలు, అన్నాడు. ఎనిమిదిన్నరకల్లా పడుకుంటానని, కావాలంటే మా ఆవిడను అడగండి, నా గురక భరించేది ఆవిడే అని చెప్పాడు. మేనేజరు మొహం మీదికి నవ్వు వచ్చి ఆగింది.

ట్యాంకు కడగడం ఎన్నింటికి అవుతుందని అక్క అడిగింది. ఆరింటికి అన్నాడు. ఏ గడియారంలో అంటే మణికట్టు ఎత్తి చూపించాడు. పొద్దున యంత్రంలో ఏమని నొక్కుతారంటే ఆరు అనే, ఇంకేం నొక్కుతాను, అన్నాడు. అక్క తన లెక్క చెప్పింది. మెల్లగా, నాకు చెప్పినట్టే. యంత్రం ఆరు అంటే బయట ఏడని చెప్పగానే మేనేజరు కళ్లద్దాలు తీశాడు. ఆరున్నరకల్లా డెయిరీ గేటుకు తాళం పడుతుంది, రోజూ నేనే దగ్గరుండి వేయిస్తాను, ఏడు దాకా లోపల ఎవరూ ఉండే వీలే లేదు, అన్నాడు. డెరెక్ చొక్కా పైగుండీ విప్పి గట్టిగా ఊపిరి వదిలాడు.

టాకోగ్రాఫ్ రాసింది ఎవరూ చెరపలేరు. పొరపాటు ఎలా జరిగిందో పక్కన రాసి జతచేయాలి. ఆ వివరణ అక్కే రాసింది, తన మూడు రిపోర్టులూ తనే వెనక్కి తీసుకుంది. మిగతా ట్యాంకర్ డ్రైవర్లను కూడా అడగమంటే ఇద్దరు అదే పొరపాటు చేస్తున్నట్టు తేలింది. వేసవిలో చేత్తో నొక్కేటప్పుడు గంట తగ్గించి నొక్కాలని, ప్రతి బండిలో అతికించడానికి ఒక కాగితం రాసిమ్మని చాందినియే అక్కను అడిగింది. నిద్ర ఇన్‌స్పెక్టర్ మెత్తబడిందని ఎవరో అంటే, మెత్తబడలేదు, ఎదిగింది అంది చాందిని. ఆ ఒక్క మాటతో నేను ఆమెను క్షమించేశాను.

ఆ మీటింగు మర్నాడు, శుక్రవారం, నా జీవితంలో మొదటిసారి క్యాబు కంటే ముందు కిందికి దిగాను. వాళ్ల తలుపు తీసే ఉంది. లోపలి గదిలో సైమన్ గారు నైట్ డ్యూటీ నిద్రలో ఉన్నారు. స్కూలుకు సెలవు కావడంతో అక్సా ఇంట్లోనే ఉంది. బాల్కనీలో బాబురావు గారు మనవరాలి సైకిలు ట్యూబు నీళ్ల టబ్బులో ముంచి బుడగలు ఎక్కడ వస్తాయో చూస్తున్నారు. అక్క చెప్పులు వేసుకుని, బ్యాగు తగిలించుకుని ఆయన ఎదురుగా నిలబడి ఉంది.

“ఆయన్ని దించలేదు నాన్నా. సోమవారం నుంచి మళ్లీ బండెక్కుతున్నాడు.”

“అడిగారా మరి?”

“అడిగాను. నిద్రపోతూనే ఉన్నాడు. రాసిందే తప్పు.”

ఆయన మొహం ఎంత విప్పారిందో చెప్పలేను. ఆ ఇంగ్లండు మనిషి తన సొంత తమ్ముడైనట్టు సంతోషపడ్డారు. “మంచి పని చేశావమ్మా” అని మళ్లీ ట్యూబు నీళ్లలో ముంచారు.

అక్క కదల్లేదు. బ్యాగు తీసి గోడకు ఆనించింది. “నాన్నా, ఇచ్ఛాపురం దగ్గర ఆ రోజు నువ్వు పడుకుని లేచే ఎక్కావా బండి?”

ఆయన చేతులు నీళ్లలో అలాగే ఉండిపోయాయి.

“పడుకున్నానమ్మా. దాబాలో నులక మంచం మీద తెల్లారేదాకా పడుకున్నాను. మొహం కడుక్కుని, టీ తాగి ఎక్కాను. స్టీరింగు రాడ్డు తెగింది. నేను అటు తిప్పుతుంటే బండి ఇటు పోయింది. అంతకుముందు వారమే ఓనరుకి చెప్పాను, రాడ్డు మార్చమని. ఆ మాట బయటికొస్తే తప్పు ఆయన మీదికి పోద్దిగా.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“అందరూ అనుకున్నదే నువ్వూ అనుకున్నావు. చిన్నపిల్లవి, నీ ముందు సాకులు చెప్పినట్టుంటదని ఊరుకున్నాను. పెద్దదానివయ్యాక అడిగితే చెబుదామనుకున్నాను.”

అక్క కింద కూర్చుండిపోయింది. ఇన్నేళ్లు ఒక మనిషిని అడగకుండానే తీర్పు చెప్పేసినందుకు సిగ్గు, ఆ తీర్పు తప్పైనందుకు ఆనందం, రెండూ కలిసి ఏడ్చింది. నాకూ కళ్లు నిండాయి. ఆ ఓనరు ఎదురుగా ఉంటే ఏం చేసి ఉండేదాన్నో. బాబురావు గారు తడిచేతిని పంచెకు తుడుచుకుని కూతురి తల మీద పెట్టారు.

తెలుగు అర్థమైనా హిందీలోనే జవాబు చెప్పే అక్సా, తలుపు దగ్గర నిలబడి ఇదంతా వింది. “ఫిర్ క్యా హువా, తాతయ్యా?” అని తర్వాత ఏమైందో అడిగి, “మొదట్నుంచి చెప్పు” అంది తెలుగులోనే.

బయట హారన్ మోగింది. నేను అలవాటుగా పరుగు అందుకోబోయాను. అక్క కళ్లు తుడుచుకుని బాల్కనీ లోంచి బయటికి వంగింది.

“జశ్వంత్ భయ్యా, ఆజ్ థోడా రుక్ జానా” అని ఆ రోజుకు కాస్త ఆగమంది.

జశ్వంత్ తల తిప్పి, అడిగింది నేను కాదు, ఆమేనని చూసి, ఇంకేమీ అడగకుండా ఇంజను ఆపేశాడు. బాబురావు గారు ట్యూబు పక్కన పెట్టి, లారీలో సరుకు ఎక్కించిన దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టారు.